టెండర్ వేసే కంపెనీకి లాయర్‌తో పని ఎప్పుడు పడుతుంది, ఏమేం చేయించుకోవాలి

టెక్నికల్ బిడ్‌లో, అంటే రేటు కంటే ముందు అర్హతలు చూసే దశలో, పేరు పోయాక హైకోర్టుకి పరుగెత్తే కంపెనీల్లో చాలావాటికి, చేయాల్సిన పని నెల కిందటే చేజారి ఉంటుంది. టెండర్ నోటీసులో ఇబ్బందికరమైన షరతు ఒకటి ఉంది. బిడ్లకు ముందు సందేహాలు తీర్చే ప్రీబిడ్ మీటింగ్‌లో ఎవరూ నోరెత్తలేదు. బిడ్ వేశారు, అదే షరతు మీద డిస్‌క్వాలిఫై అయ్యారు. ఇప్పుడు ఆ షరతే అన్యాయం అంటే కోర్టు మొదట అడిగేది, 'అది తెలిసే కదా బిడ్ వేశారు?' అని. చాలా రిట్లు (శాఖ నిర్ణయం మీద హైకోర్టులో వేసే పిటిషన్లు) ఈ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి.

అందుకని లాయర్ ఖర్చు పెట్టే ఉద్దేశం ఉంటే అందులో మొదటి వాటా నోటీసు చదివించడానికే పెట్టండి. బిడ్ వేయకముందు రెండు గంటలు చదివి రాసిచ్చే నోట్, ఓడిపోయాక రెండు నెలలు నడిచే రిట్ కంటే ఎక్కువ పని చేస్తుంది, ఖర్చు కూడా తక్కువ.

నోటీసు చేతికి రాగానే

లాయర్‌కి నోటీసు ఒక్కటే పంపితే చాలదు. టెండర్ డాక్యుమెంట్ మొత్తం, జనరల్ కండిషన్స్, డ్రాఫ్ట్ అగ్రిమెంట్, బ్యాంక్ గ్యారంటీ నమూనా, వచ్చిన ప్రతి కారిజెండం (నోటీసుకు సవరణ) పంపాలి. ఆయనతో మూడు విషయాలు తేల్చించుకోండి: అర్హత షరతుల్లో మీకు అడ్డొచ్చేది ఏది, ఏ కాగితం లేకపోతే బిడ్ నేరుగా పోతుంది, రేపు గొడవ వస్తే ఎక్కడ తేలాలని రాశారు. మూడోదాన్ని ఎవరూ చూడరు. ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) ఉంటుందిలే అనుకుంటారు. కేంద్ర ఆర్థిక శాఖ 2024 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాల తరువాత కేంద్ర శాఖలు, కేంద్ర సంస్థల కాంట్రాక్టుల్లో ఆర్బిట్రేషన్‌ను మామూలుగా 10 కోట్ల రూపాయల లోపు వివాదాలకే పరిమితం చేస్తున్నారు. రాష్ట్ర శాఖల అగ్రిమెంట్లు చాలావాటిలో పెద్ద క్లెయిములకు సివిల్ కోర్టే దిక్కు. ఆ సంగతి రేటు వేసేముందే తెలియాలి, ఎందుకంటే బిల్లు ఆగితే మీ డబ్బు ఎన్నేళ్లు ఇరుక్కుంటుందో చెప్పేది ఆ క్లాజే.

అర్హత షరతులు మరీ బిగించారా అని చూడటానికి ఒక కొలబద్ద ఉంది. కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2002 డిసెంబర్‌లో పనుల టెండర్లకు ఇచ్చిన సూచన ప్రకారం, గత మూడేళ్ల సగటు టర్నోవర్ అంచనా విలువలో కనీసం 30 శాతం ఉండాలి. అలాంటి పనులు గత ఏడేళ్లలో 40 శాతం విలువవి మూడు, లేదా 50 శాతంవి రెండు, లేదా 80 శాతంది ఒకటి చేసి ఉండాలి. 5 కోట్ల పని అనుకుందాం. అప్పుడు టర్నోవర్ కోటిన్నర, పాత పనులు 2 కోట్లవి మూడో, రెండున్నర కోట్లవి రెండో, 4 కోట్లది ఒకటో. అదే 5 కోట్ల పనికి 'గత మూడేళ్లలో 8 కోట్ల పని ఒకటి చేసి ఉండాలి' అని ఉంటే ప్రశ్నించాల్సిందే. రాష్ట్ర శాఖలకు వాటి జీవోలు వాటికున్నాయి. అక్కడ ఈ సూచన పోలికకు మాత్రమే పనికొస్తుంది.

గడువు కూడా చూడండి. కేంద్ర శాఖలకు వర్తించే 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో 161వ రూల్ ప్రకారం బహిరంగ టెండర్‌కి నోటీసు వెలువడిన రోజు నుంచి మామూలుగా కనీసం మూడు వారాలు ఇవ్వాలి. విదేశీ బిడ్లు కూడా పిలిస్తే నాలుగు వారాలు. వారం గడువుతో వచ్చిన టెండర్‌లో ఎందుకంత తొందరో కారణం రాశారా అని వెతకండి.

ప్రీబిడ్ ప్రశ్న రాసే తీరు

'షరతులు ఒకరికే అనుకూలంగా ఉన్నాయి, మార్చగలరు' అని రాస్తే అధికారి ఒక్క మాటలో 'టెండర్ షరతులే వర్తిస్తాయి' అని కొట్టేస్తాడు. ప్రశ్న ఇలా ఉండాలి:

'టెండర్ డాక్యుమెంట్ 14వ పేజీ, క్లాజు 3.2(బి): యంత్రం ఫలానా బ్రాండుదే ఉండాలని ఉంది. అదే సామర్థ్యం, అదే ఐఎస్ ప్రమాణం ఉన్న ఇతర తయారీలు మార్కెట్లో ఉన్నాయి, బ్రోచర్లు జతపరిచాము. బ్రాండు పేరు తర్వాత "లేదా సమానమైనది" అని చేర్చవలసిందిగా కోరుతున్నాము. వీలు కాదంటే ఆ బ్రాండే ఎందుకు అవసరమో తెలియజేయగలరు.'

పేజీ, క్లాజు, ఉన్న మాట, అభ్యంతరం, కావాల్సిన మార్పు, అది కుదరకపోతే కారణం అడగడం, ఇంతే. పోటీ కంపెనీ పేరు రాయొద్దు, అధికారి మీద నింద వేయొద్దు. ఈ ఉత్తరమే రేపు రిట్‌లో మొదటి ఎగ్జిబిట్ అవుతుంది, జడ్జి చదివేలా ఉండాలి. పోర్టల్‌లో వేసి ఊరుకోకుండా అధికారిక ఈమెయిల్‌కి కూడా పంపండి. ఆఫీసులో ఇస్తే ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకున్న కాపీ దాచండి.

జవాబు రాలేదు, బిడ్ గడువు దగ్గరపడింది, ఆ షరతుతో మీరు అసలు పోటీలోనే ఉండరు. అలాంటప్పుడు రిట్ గడువు ముగిసేలోపే పడాలి. షరతు నచ్చకపోయినా పోటీలో ఉండగలిగితే బిడ్ వేయండి, కానీ అభ్యంతరాన్ని బిడ్‌తో కలిపి అప్‌లోడ్ చేయకండి. బిడ్‌లో 'ఈ షరతుకు లోబడి' అన్న మాట కనబడితే చాలు, కండిషనల్ బిడ్ అని తీసి పక్కన పెడతారు. నిరసన ఏదైనా విడి ఉత్తరంగా, విడిగా వెళ్లాలి.

బిడ్ కాగితాల్లో ప్రాణం పోయే చోట్లు

కోర్టులు ముఖ్యమైన షరతు, అనుబంధ షరతు అని తేడా చూస్తాయి. కానీ ఏది ముఖ్యం అనేది టెండర్ పిలిచిన శాఖ ఏం రాసుకుందన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. రెండు సుప్రీంకోర్టు తీర్పులు పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేలుతుంది. 1991 పొద్దార్ స్టీల్ కేసులో డిపాజిట్ నగదుగానో స్టేట్ బ్యాంక్ డ్రాఫ్టుగానో కట్టాలి. బిడ్డర్ యూనియన్ బ్యాంక్ చెక్కు ఇచ్చాడు. బ్యాంకు సొంతంగా ఇచ్చిన చెక్కు కాబట్టి డబ్బుకి ఢోకా లేదు, శాఖ ఆ తేడాను పట్టించుకోకపోవడం తప్పు కాదంది కోర్టు. 2016 సెంట్రల్ కోల్‌ఫీల్డ్స్ కేసులో బ్యాంక్ గ్యారంటీ వాళ్లిచ్చిన నమూనాలో లేదు. శాఖ బిడ్‌ను తిరస్కరించింది, కోర్టు శాఖనే సమర్థించింది. రెండింట్లోనూ నెగ్గింది శాఖ నిర్ణయమే. శాఖ మన్నిస్తే కోర్టు తప్పు పట్టదు, మన్నించకపోతే మన్నించమని చెప్పదు. కాబట్టి 'చిన్న తేడానే కదా' అన్న ధైర్యం బిడ్డర్‌కి పనికిరాదు.

బ్యాంకు మేనేజర్ తన బ్యాంకు నమూనాలో గ్యారంటీ టైపు చేయించి ఇవ్వడం రోజూ జరిగే పొరపాటు. టెండర్ నమూనా ప్రింటు తీసి మేనేజర్ ముందు పెట్టి, మాట మార్చకుండా ఇవ్వమనండి. ముఖ్యంగా 'అడిగిన వెంటనే, ఎలాంటి అభ్యంతరం లేకుండా చెల్లిస్తాము' అన్న వాక్యం, లబ్ధిదారు హోదా, గడువు తేదీ. కేంద్ర టెండర్లలో ఈఎండీ (బిడ్‌తో పాటు కట్టే డిపాజిట్) గ్యారంటీ బిడ్ చెల్లుబాటు గడువు మీద ఇంకో 45 రోజులు ఉండాలి. బిడ్ చెల్లుబాటు 90 రోజులు ఉంటే గ్యారంటీ 135 రోజులకు. గడువు పొడిగిస్తూ కారిజెండం వస్తే ఈ లెక్క మళ్లీ వేయాలి. దాన్ని మరిచిపోయి బిడ్లు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ.

సివిల్ పనులకు ఇంకో ఉచ్చు బిడ్ కెపాసిటీ, అంటే కొత్త పని ఎత్తుకునే సత్తా మీకు ఎంత మిగిలిందన్న లెక్క. ఆంధ్ర, తెలంగాణ ఇంజనీరింగ్ శాఖల్లో అందరికీ నోటికొచ్చిన సూత్రం: 2ఏఎన్ మైనస్ బి. ఏ అంటే నిర్దేశించిన గత సంవత్సరాల్లో ఒకే ఏడాదిలో మీరు చేసిన గరిష్ఠ పని విలువ, నేటి ధరలకు సవరించి. ఎన్ అంటే ఈ పని పూర్తి చేయాల్సిన ఏళ్లు. బి అంటే ఆ కాలంలో మీరు చేయాల్సిన చేతిలోని పనుల విలువ. ఏ 4 కోట్లు, ఎన్ ఏడాదిన్నర, బి 7.5 కోట్లు అయితే 2 × 4 × 1.5 = 12 కోట్లు. అందులోంచి 7.5 తీస్తే 4.5 కోట్లు. టెండర్ అంచనా 5 కోట్లా? మీరు బయటే. ఇక్కడే కొందరు చేతిలో ఉన్న పనుల్లో ఒకటి రెండు చూపకుండా బి తగ్గిస్తారు. పోటీదారు మీ వర్క్ ఆర్డర్ కాపీ తెచ్చి ఇస్తే అది లెక్క తప్పుగా మిగలదు, తప్పుడు సమాచారం అవుతుంది. ఈఎండీ జప్తు, ఆపైన బ్లాక్‌లిస్ట్. సరైన దారి ఏమిటంటే, పూర్తయిన పనులకు ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) సంతకంతో పూర్తయినట్టు సర్టిఫికెట్, నడుస్తున్న పనులకు మిగిలిన విలువ ఎంతో ధ్రువీకరణ ముందే తీసుకోవడం. సగం అయిన పనిని పూర్తి విలువకు 'బి' లెక్కలో వేసుకుని చేజేతులా నష్టపోయేవాళ్లూ ఉన్నారు.

మిగతావి గబగబా. చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చే టర్నోవర్ సర్టిఫికెట్ మీద యూడీఐఎన్ (సర్టిఫికెట్ అసలుదో కాదో సరిచూసుకునే నంబరు) ఉండాలి. డిజిటల్ సంతకం ఎవరి పేరున ఉందో వారికే బోర్డు తీర్మానం, పవర్ ఆఫ్ అటార్నీ ఉండాలి, తేదీలు బిడ్ తేదీ కంటే ముందువై ఉండాలి. జాయింట్ వెంచర్ అయితే వాటాల శాతాలు డీడ్‌లో ఒకటి, బిడ్ ఫారంలో ఇంకొకటి రాకూడదు. చివరి గంటలో అప్‌లోడ్ పెట్టుకోవద్దు. సర్వర్ ఆగిపోయిందంటే స్క్రీన్‌షాట్, హెల్ప్‌డెస్క్ టికెట్ నంబర్ లేకుండా ఏ కోర్టూ నమ్మదు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల నమోదు) ఉంటే ఈఎండీ అక్కర్లేదని చాలామంది నమ్మకం. 2012 నాటి కేంద్ర కొనుగోలు విధానం కింద ఆ మినహాయింపు కేంద్ర శాఖలు, కేంద్ర సంస్థలు కొనే సరుకులకు, సేవలకు, అదీ సూక్ష్మ, చిన్న సంస్థలకు. తయారీదారు దగ్గర కొని అమ్మే ట్రేడర్‌కి రాదు. సివిల్ పనులకూ మామూలుగా రాదు. రాష్ట్ర టెండర్‌లో ఉందో లేదో ఆ నోటీసే చెప్పాలి. మినహాయింపు ఉందనుకుని ఈఎండీ కట్టకుండా వేసిన బిడ్‌ను తర్వాత బతికించడానికి దారి లేదు.

రింగు (బిడ్డర్లు కుమ్మక్కవడం) గురించి కూడా ఒక మాట. 'మనవాడే, డమ్మీగా ఒక బిడ్ వేయండి' అని ఎవరైనా అడిగితే, అది కాంపిటీషన్ చట్టం సెక్షన్ 3 కింద బిడ్ రిగ్గింగ్. దొరికేది ఎలాగో తెలుసా? ఒకే ఐపీ అడ్రసు, ఒకే బ్రాంచిలో వరుస నంబర్ల డీడీలు, ఇద్దరి బిడ్లలో ఒకే అక్షర దోషం. సాయం చేసినవాడికీ జరిమానా తప్పదు. ఇక లంచం ఇచ్చినవారు కూడా 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టం కింద నిందితులే. బలవంతం మీద ఇచ్చామంటే 7 రోజుల్లో ఏసీబీకో పోలీసుకో చెప్పి ఉండాలి. రెండు రాష్ట్రాల్లోనూ ఏసీబీ నంబర్ 1064.

తిరస్కరించారు, ఇప్పుడు మూడు రోజులు

పోర్టల్‌లో 'డిస్‌క్వాలిఫైడ్' కనబడగానే గడియారం మొదలైనట్టే. ప్రైస్ బిడ్ తెరిచి, ఎల్‌వన్‌కి (అందరికంటే తక్కువ రేటు వేసినవాడికి) లెటర్ ఇచ్చి, అగ్రిమెంట్ అయి, పని మొదలైందంటే కోర్టు చేయి వేయడానికి వెనకాడుతుంది.

మొదటి రోజు పోర్టల్ పేజీలన్నీ తేదీ, సమయం కనబడేలా సేవ్ చేయండి. మీరు అప్‌లోడ్ చేసిన ఫైళ్లు, వాటి రసీదు కూడా. జెమ్ (ప్రభుత్వ కొనుగోళ్ల ఆన్‌లైన్ మార్కెట్) పోర్టల్‌లో అయితే తిరస్కరణను ప్రశ్నించే వీలు కొద్దికాలమే తెరిచి ఉంటుంది, ఆ కిటికీ మూసుకోకముందే అందులోనే వేయండి. అదే రోజు లేదా మర్నాడు అధికారికి వినతి ఇవ్వండి. అందులో కోపం వద్దు. ఏ క్లాజు కింద తిరస్కరించారు, మీ బిడ్‌లో ఆ క్లాజుకు జవాబుగా ఏ పేజీలో ఏ కాగితం ఉంది, అదే రకం లోపం ఉన్న మరో బిడ్‌ను ఆమోదించారా అన్నవి రాయాలి. మూడోదే అసలు బలం. మీ బిడ్‌లో లోపం నిజంగా ఉన్నా, అదే లోపం ఉన్నవాడిని లోపలికి రానిచ్చారంటే అప్పుడు సమానత్వం వాదన నిలబడుతుంది. వినతి చివర ప్రైస్ బిడ్లు తెరవకుండా ఆపాలని కోరండి.

సమాచార హక్కు దరఖాస్తు కూడా పది రూపాయలు కట్టి వేయండి, కానీ దాని మీద ఆశ పెట్టుకోకండి. జవాబుకి 30 రోజుల గడువు ఉంది, అప్పటికి పని మొదలవుతుంది. అది తర్వాతి పోరాటానికి సామాను.

మూడో రోజుకి రిట్ ఫైలు సిద్ధం. ఆంధ్రప్రదేశ్ శాఖలపై అమరావతిలోని హైకోర్టు, తెలంగాణ శాఖలపై హైదరాబాద్‌లో హైకోర్టు. టెండర్ పిలిచిన సంస్థ ముంబైలోనో ఢిల్లీలోనో ఉంటే మన హైకోర్టులో పడుతుందా అని లాయర్‌తో ముందే తేల్చుకోండి. మీ ఆఫీసు విజయవాడలో ఉందన్నది ఒక్కటే సరిపోదు. లాయర్‌కి వకాలత్, బోర్డు తీర్మానం, తేదీల వరుస ఒక పేజీలో, పైన చెప్పిన కాగితాలు పేజీ నంబర్లతో ఇవ్వండి. అప్పటికి ఎల్‌వన్ ఎవరో తేలితే ఆ కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చాల్సిందే. చేర్చని రిట్ మొదటి రోజే వాయిదా పడుతుంది, మీకు లేనిది ఆ వాయిదా రోజులే.

కోర్టు ఏం చూస్తుంది? 1994 టాటా సెల్యులార్ తీర్పు నుంచి పద్ధతి ఒకటే: నిర్ణయం మంచిదా కాదా అన్నది కాదు, నిర్ణయం తీసుకున్న తీరు సరైనదా అన్నది. దురుద్దేశం, పక్షపాతం, ఏ బుద్ధిమంతుడూ తీసుకోనంత అసంబద్ధ నిర్ణయం, వీటిలో ఒకటి చూపాలి. షరతుకు శాఖ చెప్పుకున్న అర్థం మామూలుగా నిలబడుతుంది, టెండర్ రాసినవారికే దాని అర్థం బాగా తెలుసని 2016 ఆఫ్కాన్స్ తీర్పులో అన్నారు. స్టే మరీ కష్టం. రోడ్లు, వంతెనలు, నీటి పథకాలు, విద్యుత్తు వంటి మౌలిక సదుపాయాల పనుల్లో పనికి అడ్డో ఆలస్యమో అయ్యేలా దావా మీద ఇంజంక్షన్ (ఆపే ఉత్తర్వు) ఇవ్వకూడదని స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో 20ఏ సెక్షన్ ఉంది. రిట్ కోర్టులూ ఆ ఉద్దేశాన్ని మనసులో పెట్టుకోవాలని, పని ఆపేకంటే నష్టపరిహారం వైపు చూడాలని 2022లో ఎన్‌జీ ప్రాజెక్ట్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇవన్నీ విన్నాక కూడా 'స్టే ఖాయం' అనే లాయర్ దొరికితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. గెలిస్తే కాంట్రాక్టులో ఇంత శాతం అని మాట్లాడేవారి దగ్గర్నుంచి కూడా, ఫలితాన్ని బట్టి ఫీజు తీసుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. ఫీజు మాట్లాడేటప్పుడు డ్రాఫ్టింగ్, అడ్మిషన్ రోజు, సీనియర్‌ని పెడితే ఆయనది, అప్పీలు వేరువేరుగా రాయించుకోండి.

మీరే ఎల్‌వన్ అయితే

గెలిచినవాడికీ లాయర్ కావాలి. ఓడినవాడు కోర్టుకి వెళతాడనిపిస్తే వెంటనే హైకోర్టులో కేవియట్ వేయండి. మీకు నోటీసు లేకుండా స్టే రాదు. అది 90 రోజులే పనిచేస్తుంది, గడువు దాటితే మళ్లీ వేయాలి. పెర్ఫార్మెన్స్ గ్యారంటీ (పని సరిగ్గా చేస్తామని ఇచ్చే బ్యాంక్ గ్యారంటీ) గడువు రోజులు లెక్కపెట్టుకోండి. కేంద్ర కాంట్రాక్టుల్లో అది వారంటీ సహా అన్ని బాధ్యతలు ముగిశాక ఇంకో 60 రోజులు నడవాలి. గ్యారంటీని శాఖ నగదు చేసుకోబోతుంటే కోర్టు ఆపడం చాలా అరుదు, ఘోరమైన మోసమో, ఎప్పటికీ పూడ్చలేని నష్టమో చూపితే తప్ప.

టెండర్ రాకపోయినవారి ఈఎండీ మాట. కేంద్ర టెండర్లలో అయితే జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో 170వ రూల్ ప్రకారం కాంట్రాక్టు ఇచ్చిన 30వ రోజులోగా తిరిగి ఇవ్వాలి. టెక్నికల్ దశలోనే పోయినవారికి ఆ దశ ఫలితం ప్రకటించిన 30 రోజుల్లో. రూల్ నంబరు వేసి ఒక ఉత్తరం రాయండి, చాలా ఆఫీసుల్లో అంతటితో కదులుతుంది.

బ్లాక్‌లిస్ట్ షోకాజ్ వచ్చినప్పుడు

షోకాజ్, అంటే మీ మీద ఎందుకు చర్య తీసుకోకూడదో చెప్పమనే నోటీసు వచ్చిందంటే, దాన్ని మామూలు ఉత్తరంలా అకౌంటెంట్ చేత జవాబు రాయించకండి. 1975 ఎరూసియన్ ఎక్విప్‌మెంట్ తీర్పు నుంచీ, వినకుండా బ్లాక్‌లిస్ట్ చేయకూడదు. 2014 గోర్ఖా సెక్యూరిటీ, 2020 యూఎంసీ టెక్నాలజీస్ తీర్పులు ఇంకా ముందుకెళ్లి, బ్లాక్‌లిస్ట్ చేయాలనుకుంటున్నామని ఆ నోటీసులోనే తెలిసేలా ఉండాలన్నాయి. 'కాంట్రాక్టు ఎందుకు రద్దు చేయకూడదు' అని మాత్రమే అడిగి, చివరికి రెండేళ్లు బ్లాక్‌లిస్ట్ అని ఆర్డర్ ఇస్తే అది కోర్టులో పడిపోతుంది. నోటీసును ఆ కంటితో చదివించండి, కానీ ఆ లోపాన్ని ముందే ఎత్తిచూపాలా వద్దా అన్నది లాయర్‌తో మాట్లాడి తేల్చుకోండి. చెబితే సరిచేసి మళ్లీ పంపుతారు.

జవాబులో ఆరోపణ వారీగా రాయాలి, ఆలస్యానికి శాఖ కారణమైతే సైటు అప్పగించిన తేదీ, డ్రాయింగులు వచ్చిన తేదీ పెట్టాలి. స్వయంగా వినమని అడగాలి. కేంద్ర శాఖ తన స్థాయిలో రెండేళ్లు మించి నిషేధించకూడదని అదే జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో 151వ రూల్ చెబుతోంది. ఆర్డర్ వస్తే ఆలస్యం చేయకండి, ఎందుకంటే తర్వాత వేసే ప్రతి బిడ్‌లోనూ 'ఎక్కడైనా బ్లాక్‌లిస్ట్ అయ్యారా' అన్న అఫిడవిట్ ఉంటుంది. అందులో అబద్ధం రాస్తే మొదటి దానికంటే పెద్ద కేసు.

బిల్లు ఆగితే

సరుకులు, సేవలు ఇచ్చిన సూక్ష్మ, చిన్న సంస్థలకు 2006 ఎంఎస్‌ఎంఈ చట్టం పెద్ద ఆయుధం. సరుకు అందిన 15 రోజుల్లో శాఖ రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అందిన రోజే అంగీకరించినట్టు లెక్క. అక్కడి నుంచి ఒప్పందంలో ఎంత గడువు రాసినా 45 రోజులు మించకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. బ్యాంక్ రేటు 6 శాతం అనుకుంటే 18 శాతం. 20 లక్షల బిల్లు ఏడాది ఆగితే వడ్డీ సుమారు 3.91 లక్షలు.

కేంద్ర ఎంఎస్‌ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో దరఖాస్తు చేస్తే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళుతుంది. మొదట రాజీ, కుదరకపోతే ఆర్బిట్రేషన్. అవార్డు (ఆర్బిట్రేషన్ తీర్పు) మీద శాఖ కోర్టుకి వెళ్లాలంటే 75 శాతం ముందు డిపాజిట్ చేయాలి. అందుకే రాజీకి దిగివస్తారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆర్డర్ తీసుకోకముందే ఉండాలి. బిల్లు ఆగాక చేయించుకున్న రిజిస్ట్రేషన్ వెనక్కి పనిచేయదనే వాదన శాఖ లాయర్ తప్పక తెస్తాడు. సివిల్ పనుల బిల్లులకు ఈ దారి పట్టడానికి ముందు లాయర్ అభిప్రాయం తీసుకోండి, వర్క్స్ కాంట్రాక్టు ఈ చట్టం కిందకి రాదని చాలా కేసుల్లో వాదించారు.

కౌన్సిల్ దారి లేనివారు సివిల్ దావాకి ముందు శాఖకు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి. 3 లక్షలు దాటిన వాణిజ్య వివాదమైతే, తక్షణ ఉపశమనం అక్కర్లేనప్పుడు, దావాకి ముందు మీడియేషన్ తప్పనిసరి. కాలపరిమితి మామూలుగా మూడేళ్లు. 'ఫండ్స్ రాగానే ఇస్తాం' అని నోటిమాట మీద నాలుగో ఏడు దాకా తిరిగితే దావా పోతుంది. ఏటా మార్చి 31 నాటికి బాకీ ఇంత ఉందని శాఖ చేత సంతకం పెట్టించుకున్న కాగితం ఒకటి సంపాదించండి. గడువు ముగియకముందు రాతలో ఒప్పుకుంటే, ఆ రోజు నుంచి మూడేళ్లు మళ్లీ మొదలవుతాయి.